షెడ్డులో కారుకి సంబంధం చూడటం

పాత కారు అమ్ముతున్నామని ఎవరితో అన్నా మొదట వచ్చే ప్రశ్న "ఎంతొస్తుంది?" అనే. నన్ను మాత్రం కొన్ని నెలలుగా వేరే ప్రశ్న పట్టుకుంది. ముప్ఫై, నలభై, యాభై ఏళ్ళు షెడ్డులో కదలకుండా పడున్న కారుని చివరికి ఎవరి చేతిలో పెట్టాలి? కొనేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. దాన్ని దానిలాగే ఉంచి చూసుకునే మనిషి దొరకడమే కష్టం. పెళ్ళి సంబంధం లాంటి వ్యవహారమే ఇది. డబ్బొక్కటే చూసి కుదుర్చుకుంటే ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు. ఇందులో నా స్వార్థం కూడా కొంచెం ఉంది, దాని సంగతి తర్వాత. ముందు చరిత్ర చూద్దాం, ఎందుకంటే ఈ ప్రశ్న ఎదుర్కొన్న మొదటి కుటుంబం మాది కాదు.

న్యూకాజిల్ డాక్టరుగారి గరాజ్

1937 మే నెలలో బుగాటి కంపెనీ టైప్ 57ఎస్ అటలాంట్ కారొకటి ఇంగ్లండులో ఎర్ల్ హౌ అనే ఆయన చేతికొచ్చింది. చాసిస్ నంబరు 57502. ఈ హౌ దొర ఉత్తి జమీందారు కాదు, 1931లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన జోడీలో ఒకడు, బ్రిటిష్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్‌కి మొదటి అధ్యక్షుడు. కారు కూడా ఆయనకి తగ్గదే. వరసగా ఎనిమిది సిలిండర్లు, 3.3 లీటర్ల ఇంజను, నేలకి బాగా కిందికి దించిన చాసిస్. మామూలు కార్లు గంటకి 80 కిలోమీటర్లు అందుకోవడానికే ఆయాసపడే కాలంలో ఇది 190 దాటేది. ఇలాంటి 57ఎస్ అటలాంట్‌లు మొత్తం చేసింది 17.

హౌ దగ్గర ఎనిమిదేళ్ళుండి, ఆ తర్వాత మరికొన్ని చేతులు మారి, 1955లో ఈ కారు న్యూకాజిల్‌లో ఉండే ఒక ఎముకల డాక్టరు దగ్గరికి చేరింది. ఆయన కొన్నేళ్ళు నడిపి, 1960ల మొదట్లో గరాజ్‌లో పెట్టి తలుపేశాడు. ఇంక తీయలేదు. బుగాటి పిచ్చివాళ్ళలో కొందరికి సంగతి తెలుసు. అమ్ముతారా అని ఆయన ఇంటి తలుపు సందులోంచి ఉత్తరాలు వేసి వెళ్ళేవాళ్ళు. ఆయన అమ్మలేదు. 2007లో ఆయన పోయాక కారు వారసుల చేతికొచ్చింది. 2009 ఫిబ్రవరి 7న పారిస్‌లో బాన్‌హామ్స్ వాళ్ళ వేలంలో 34 లక్షల యూరోలకి పైగా పలికింది. అప్పటికి మీటరు మీద ఉన్నది 26,284 మైళ్ళు.

దుమ్ము పట్టి, టైర్లు చచ్చి, అరశతాబ్దం కదలని కారుకి అంత ధరేంటి? ఆ మోడల్ అరుదుగా దొరకడం ఒక కారణం. రెండోది మన ఫీల్డు వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. 1937లో బయటికొచ్చినప్పటి చాసిస్, అప్పటి ఇంజను, అప్పటి బాడీ, హౌ తన ముచ్చట కొద్దీ పెట్టించుకున్న బంపర్లతో సహా అలాగే ఉన్నాయి. అదే కారు 1960ల్లో, 70ల్లో రోడ్డు మీద తిరుగుతూ ఉంటే ఏమయ్యేది? ఇంజను పగిలితే దొరికిన ఇంజను వేసేవాళ్ళు. రంగు వెలిస్తే ఆ ఏడాది ఫ్యాషన్ రంగు కొట్టించేవాళ్ళు. ఆ కాలంలో ఇది పాత కారు మాత్రమే, అపురూపమైన వస్తువు అనిపించుకునే వయసు ఇంకా రాలేదు. వస్తువుకి అన్నిటికంటే ప్రమాదమైన వయసు అదే. మరీ పాతబడితే మ్యూజియం, కొత్తగా ఉంటే షోరూం. మధ్యలో ఉన్నవాటికి దిక్కు పాత ఇనుము కొట్టే. డాక్టరుగారు తెలిసి చేసినా తెలియక చేసినా, ఆ మధ్య వయసుని తలుపేసి దాటించారు.

అందులో ఇంకో మాట ఉంది. కారు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో 1937 నుంచి లెక్క దొరుకుతుంది. కోడ్ పాతదైనా ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చరిత్ర ఉంటే మనం ధైర్యంగా చెయ్యి పెడతాం కదా. చరిత్ర లేని కోడ్ ఎంత బాగా నడుస్తున్నా ముట్టుకోవాలంటే భయమే. కార్లదీ అంతే.

దాచడం వేరు, పడేసి ఉంచడం వేరు

పై కథ విని "అయితే ఏమీ చెయ్యకుండా తలుపేసుకుంటే చాలన్నమాట" అనుకుంటే, పడమటి ఫ్రాన్స్‌లో జరిగింది కూడా చూడాలి.

రోజర్ బయ్యోన్ అనే ఆయన లారీలు, రవాణా వ్యాపారంలో బాగా సంపాదించాడు. 1950ల నుంచి పాత కార్లు కొనడం మొదలుపెట్టాడు. ఒకరోజు వీటన్నిటితో మ్యూజియం పెట్టాలని కల. ఫ్రెంచివాళ్ళు గొప్పగా చెప్పుకునే తాల్బో-లాగో, డెలాజ్, డెలహయ్, హిస్పానో-సుయిజా అన్నీ పోగేశాడు. 1970ల చివర్లో వ్యాపారం దెబ్బతింది. 1979లో కొన్ని, 1985లో కొన్ని అమ్మేయాల్సొచ్చింది. మిగతావి ఆయన స్థలంలోనే రేకుల షెడ్ల కింద ఉండిపోయాయి. ఆ షెడ్లకి గోడలు కూడా సరిగ్గా లేవు. గాలి, వాన, తీగలు, తుప్పు. దాదాపు ముప్ఫై ఏళ్ళు.

2014లో వారసులు పిలిస్తే ఆర్ట్‌క్యూరియల్ వేలం సంస్థ వాళ్ళు వెళ్ళి చూశారు. అరవై దాకా కార్లు. కొన్నిటి బాడీలు నేలలోకి కుంగిపోయున్నాయి. ఒక మూసిన గరాజ్‌లో పాత పత్రికల కట్టల కింద 1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ బయటపడింది. ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ నడిపిన కారు. 2015 ఫిబ్రవరి 6న పారిస్‌లో వేలం వేస్తే ఆ ఒక్కటే 1.63 కోట్ల యూరోలు పలికింది. మొత్తం 59 కార్లూ అమ్ముడుపోయాయి, అన్నీ కలిపి రెండున్నర కోట్ల యూరోలు.

పేపర్లన్నీ దీన్ని నిధి దొరికిన కథలాగా రాశాయి. నాకు మాత్రం ఇది సగం విషాదం అనిపిస్తుంది. ఫెరారీ తలుపులున్న గరాజ్‌లో ఉంది కాబట్టి బతికింది. బయట రేకుల కింద ఉన్నవాటిలో చాలా వాటికి మిగిలింది ఆకారం మాత్రమే. బయ్యోన్‌కి కార్ల మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు, ప్రేమ లేనివాడు అన్ని కొనడు. కానీ చూసుకునే శక్తి పోయిన తర్వాత కూడా వదలలేకపోవడం ఉంది చూశారూ, దాని ఖరీదు ఆ కార్లు కట్టాయి. 1979లో, 1985లో ఇష్టం లేకపోయినా అమ్మిన కార్లకి కనీసం కొత్త గూడు దొరికే అవకాశం వచ్చింది.

చెరువులో కారు, వీధిన పడ్డ కార్లు

యజమాని అసలు వదిలేసి పోతే? దానికీ ఒక కారుంది. స్విట్జర్లాండ్‌లో మజోరె సరస్సు ఒడ్డున అస్కోనా అనే ఊరు. అక్కడ 1925 నాటి బుగాటి టైప్ 22 బ్రెషియా ఒకటి దిగుమతి సుంకం కట్టకుండా ఉండిపోయింది, యజమాని ఊరొదిలి వెళ్ళిపోయాడు. సుంకం కట్టని వస్తువుని నాశనం చెయ్యాలని రూలు. అందుకని 1936లో కస్టమ్స్ వాళ్ళు దాన్ని గొలుసుకి కట్టి సరస్సులోకి దించేశారట. గొలుసు తుప్పు పట్టి తెగి, కారు 53 మీటర్ల లోతుకి జారింది. 1967లో ఒక డైవర్ కంట్లో పడింది. 2009 జులైలో స్థానిక డైవింగ్ క్లబ్ వాళ్ళు పైకి తీశారు. దాడిలో చనిపోయిన ఒక కుర్రాడి పేరున పెట్టిన ఫౌండేషన్‌కి డబ్బు కోసం 2010 జనవరిలో వేలం వేస్తే 2,60,500 యూరోలు వచ్చాయి.

కొన్నది పీటర్ ముల్లిన్ అనే అమెరికా కలెక్టరు. ఆయన దాన్ని బాగు చెయ్యలేదు. ఒక పక్క పూర్తిగా తినేసిన ఆ తుప్పు ముద్దని అలాగే కాలిఫోర్నియాలోని తన మ్యూజియంలో పెట్టాడు. దాని కథే ఆ తుప్పు. కొత్త రేకు కొట్టి రంగు వేస్తే అది ఇంకో బుగాటి అవుతుంది తప్ప సరస్సులోంచి వచ్చిన బుగాటి అవ్వదు. అది అర్థమైన మనిషి చేతికి చేరడం దాని అదృష్టం. అయితే 2023లో ముల్లిన్ పోయారు, 2024 ఫిబ్రవరిలో ఆ మ్యూజియం మూతపడింది. ఎంత మంచి యజమానైనా శాశ్వతం కాదు.

ఇంక నాలుగో కథ. ఫ్రాన్స్‌లోనే మ్యులూజ్ అనే ఊళ్ళో హన్స్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అనే అన్నదమ్ములకి ఊలు మిల్లులుండేవి. వాళ్ళు ఒక పాత మిల్లులో గుట్టుగా నాలుగు వందలకి పైగా కార్లు పోగేశారు, అందులో వందకి పైగా బుగాటిలే. 1976లో వ్యాపారం కూలింది, అన్నదమ్ములు స్విట్జర్లాండ్ చేరారు. 1977 మార్చిలో కార్మికులు మిల్లు తలుపులు తెరిచి చూస్తే, తమ జీతాలకి లేవన్న డబ్బు ఏమైందో వరసల్లో నిలబడి కనిపించింది. వాళ్ళు అక్కడే బైఠాయించి, రెండేళ్ళు దాన్ని జనానికి చూపించారు. అప్పులవాళ్ళు కార్లని అమ్మేసి పంచుకుందామన్నారు. కానీ 1978లో ప్రభుత్వం ఆ కలెక్షన్ మొత్తాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది, అంటే విడగొట్టి అమ్మడానికి వీల్లేదు. 1981లో ఆ ఊరి, జిల్లా పాలక సంస్థలు, వాణిజ్య మండలి లాంటివి ఒక సంఘంగా కలిసి కొన్నాయి. 1982 నుంచి అది జాతీయ ఆటోమొబైల్ మ్యూజియం. కార్మికుల చెమటతో కొన్న కార్లకి చివరికి ఊరే యజమాని అవ్వడం నాకు న్యాయంగానే తోస్తుంది.

నాలుగు కథల్లోనూ కారు గతిని తేల్చింది ధర కాదు. కారు ఎంత తాకకుండా ఉంది, దాని కాగితాలు ఉన్నాయా, తీసుకునేవాడికి అది ఏమిటో తెలుసా అన్న మూడు విషయాలే.

మా హెరాల్డ్ సంగతి

ఇప్పుడు స్వార్థం దగ్గరికొద్దాం. తణుకులో మా తాతయ్య ఇంటి వెనక పెంకుల షెడ్డులో 1969లో రిజిస్టరైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వాళ్ళు ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌ని 1961 నుంచి ఇక్కడ తయారుచేశారు. 948 సీసీ ఇంజను, గీత గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. బానెట్, ముందు మడ్‌గార్డులు అన్నీ కలిపి ఒకే ముక్కగా ముందుకి తెరుచుకుంటాయి, ఇంజను మొత్తం బల్ల మీద పెట్టినట్టు కనిపిస్తుంది. ఆ రోజుల్లో అంబాసిడర్, ఫియట్ తర్వాత మూడో పేరు ఇదే. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా కారు 1988లో ఆగింది, తాతయ్య 1993లో పోయారు. నేను పుట్టాక అది కదలడం నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇల్లు పడగొట్టి కట్టాలి, కాబట్టి షెడ్డు పోవాలి, కాబట్టి కారు పోవాలి. మూడు బేరాలొచ్చాయి. ఒకటి పాత ఇనుము వ్యాపారి, కిలోల లెక్క. రెండోది హైదరాబాద్ నుంచి ఒకాయన, రెండున్నర లక్షలు. ఇంజను పీకేసి మారుతి ఇంజను, ఏసీ, పవర్ స్టీరింగ్ పెట్టి రిసార్ట్‌లో పెళ్ళి ఫోటోలకి అద్దెకిస్తాడట. మూడోది రాజమండ్రి దగ్గర పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఒక మాష్టారు, తొంభై వేలు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. డాలస్ బావ రెండున్నర లక్షల పార్టీ. "తుప్పుకి సెంటిమెంటేంటి, నలుగురు వారసులున్నారు, ఎక్కువ ఇచ్చేవాడికి ఇస్తే గొడవుండదు" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు, ఆస్తి పంపకాల్లో ధర ఒక్కటే ఎవరూ కాదనలేని కొలత. నాన్న అసలు అమ్మొద్దనే పార్టీ. ఆయనకి బయ్యోన్ కథ చెప్పాను. చూసుకోలేనప్పుడు అట్టేపెట్టుకోవడం కూడా పాడుచెయ్యడమేనని ఆయన ఒప్పుకోవడానికి వారం పట్టింది. అత్తయ్య మాత్రం ఒక్క మెసేజే పెట్టింది. "నన్ను పురిటికి తీసుకెళ్ళిన కారురా అది. పెళ్ళివాళ్ళు ఫోటోలు దిగడానికి వద్దు."

నేను మాష్టారి పక్షం. కారణం ఆయన అడిగిన ప్రశ్నలు. మిగతా ఇద్దరూ ఫోన్లో మొదట అడిగింది లాస్ట్ రేట్ ఎంతని. ఈయన అడిగింది ఆర్సీ ఉందా, ఇంజను నంబరు దానితో కలుస్తుందా, జాకీ, పానాలు, హ్యాండ్‌బుక్ ఏమైనా మిగిలాయా అని. వచ్చిన రోజు మా బాబాయి ఉత్సాహంగా కొత్త బ్యాటరీ తెచ్చి "స్టార్ట్ చేసి చూపిస్తా ఉండండి" అంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ముప్ఫై ఏళ్ళు ఆగిన ఇంజన్లో పిస్టన్ రింగులు సిలిండరు గోడలకి పట్టేసి ఉంటాయి, బలవంతంగా తిప్పితే రింగు విరిగి గోడ గీసుకుపోతుంది. ముందు ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లో నూనె పోసి, రోజుల తరబడి నానబెట్టి, చేత్తో కొంచెం కొంచెం తిప్పాలి. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడో జిగురై ఉంటుంది, అది కడగందే ముందుకెళ్ళకూడదు. బ్రేకుల్లో రబ్బర్లు మార్చకుండా తొయ్యను కూడా తొయ్యకూడదు. ఎలకలు వైరింగ్ తినుంటాయి కాబట్టి బ్యాటరీ తగిలిస్తే షార్టయి అంటుకోవచ్చు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పార్టులు అమ్మే షాపులు ఇంకా ఉన్నాయని, ఏవి ఈ మద్రాసు కారుకి సరిపోతాయో కూడా చెప్పాడు. కారు అమ్ముతున్న మాకంటే కొనడానికొచ్చిన ఆయనకే అది ఏమిటో ఎక్కువ తెలుసు.

దీనికి చట్టం తోడు కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం పాత వాహనాల రిజిస్ట్రేషన్ రూల్స్ ఇచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్ళు దాటిన కార్లు, బైకులు వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. కొత్తగా చేయిస్తే ఇరవై వేలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయిస్తే ఐదు వేలు. కొత్తవాటికి నంబరులో వీఏ అనే అక్షరాలొస్తాయి, ముందే రిజిస్టరైనవి పాత నంబరు అట్టేపెట్టుకోవచ్చు. రోజూ తిప్పడానికీ అద్దెలకీ కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే రోడ్డెక్కాలి. అన్నిటికంటే ముఖ్యంగా చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే మారుతి ఇంజను పడిన రోజున మా హెరాల్డ్ చట్టం దృష్టిలో వింటేజ్ కాకుండా పోతుంది. అది ఉత్తి పాత కారై, పాత కార్ల మీదున్న కష్టాలన్నీ దాని మీద పడతాయి. ఎక్కువ ధర ఇచ్చేవాడి చేతిలో కారు విలువ తగ్గడం అంటే ఇదే.

బావకి ఈ లెక్క అర్థమైంది, తన వాటా తక్కువైనా సరేనన్నాడు. ఇప్పుడు కాగితాల పని నడుస్తోంది. ఆర్సీ ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. మండలాఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుకోలు, ఫారం 31తో ముందు నాన్న పేరుకి మారాలి. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మాష్టారి పేరుకి. మీ ఇళ్ళల్లో కూడా తాతల పేరు మీద బళ్ళుంటే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి. సంతకం పెట్టాల్సిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తగ్గే కొద్దీ ఇది కష్టమవుతుంది.

కారుతో ఏమేం ఇవ్వాలన్న దగ్గర మళ్ళీ ఒక చిక్కొచ్చింది. తాతయ్య 1969 నుంచి ఒక నోట్‌బుక్‌లో ఆయిలు ఎప్పుడు మార్చిందీ, టైరు ఎక్కడ కొన్నదీ, ఏ ఊరికి ఎన్ని మైళ్ళయిందీ రాసుకుంటూ వచ్చారు. నలభై పేజీలుంటుంది. అది ఆయన చేతిరాత, ఇంట్లోనే ఉండాలని నాన్న అంటారు. అది కారు చరిత్ర, కారుతోనే వెళ్ళాలని నేనంటాను. న్యూకాజిల్ కారుకైనా తణుకు కారుకైనా ఆ లెక్కల వల్లే ఇది ఫలానా కారు అని తెలిసేది, లేకపోతే అది కొంత ఇనుము, కొంత రబ్బరు. పైగా మాష్టారు కూడా శాశ్వతం కాదు. ఆయన తర్వాత తీసుకోబోయే మనిషి మాకు తెలీదు, ఆ మనిషికి మేం చెప్పగలిగింది ఏదైనా ఉంటే ఆ నోట్‌బుక్ ద్వారానే. నాన్న ఇంకా పూర్తిగా ఊ అనలేదు. నేనైతే ప్రతి పేజీ స్కాన్ చేసి, రంగు ప్రింట్లు తీసి, బైండింగ్ చేయించి ఆయన బల్ల మీద పెట్టాను. ఒరిజినల్ కారు డ్యాష్‌బోర్డు అరలో ఉంది, తాతయ్య ఎప్పుడూ పెట్టే చోటే.